బొమ్మ దించిన ఐతారం

కిష్టప్ప నోట్లో మాట దాగదు. దాగకపోతే పోనీ, ఉన్నదున్నట్టు బయటికి వస్తుందా అంటే అదీ లేదు. ధారూర్ స్టేషన్‌లో పట్టాల మీద పనిచేసే గ్యాంగు మనిషి అతను, తాండూరు బండల గనిలో పనిచేసే మొగులప్పకు చిన్నాన్న కొడుకు. తాండూరు వచ్చినప్పుడల్లా నాలుగు ఊళ్ళ ముచ్చట్లు మోసుకొచ్చి అన్న ఇంట్లో కుమ్మరించి పోతాడు. అందులో ఏది నిన్నటిదో, ఏది నిరుటిదో ఏరుకోవడం వినేవాళ్ళ ఖర్మ. ఆ గురువారం సాయంత్రం మాత్రం చేతిలో సంచి కూడా కింద పెట్టకుండా ఒక్కటే మాట చెప్పాడు.

"వదినె, వికారాబాద్ తోటల బొమ్మల జాతర అయితున్నది. అండ్ల మన శాంతవ్వ బొమ్మ దించి పెట్టిండ్రు."

చంద్రవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతోంది. ఆ చేయి అక్కడే ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడు వాసన కొడుతున్నా తిప్పలేదు.

"ఏ శాంతవ్వ?" అంది. తెలియక అడగలేదు. ఇంకోసారి ఆ పేరు ఎవరి నోటైనా వినాలని అడిగింది.

"ఏ శాంతవ్వ ఏంది? నీ బిడ్డ! అచ్చం అట్లనే ఉన్నది. నేనైతే జడుసుకున్న. దవాఖానల దాని పక్క మంచం మీద ఒక టీచరమ్మ ఉంటుండె సూడు, అరుణాదేవి అని, గామెనే దించింది. నన్ను ఆనవాలు పట్టింది. తల్లిదండ్రి వస్తే బొమ్మ ఇచ్చేస్త అన్నది. ఐతారం పొద్దుగూకంగ దించుతరట. జర మతిల పెట్టుకోమన్నది."

చెప్పి, మాడిన రొట్టెనే పచ్చిపులుసులో అద్దుకు తిని, రాత్రి బండికి వెళ్ళిపోయాడు కిష్టప్ప. ఇంత మాట చెప్పినవాడు ఇంకొక్క మాట విడమరిచి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కానీ అది కిష్టప్ప వల్ల అయ్యే పని కాదు.

శాంతవ్వ పోలీసు యాక్షన్ అయిన వారంలో పుట్టింది. దేశంలో గడబిడ అణిగింది గనుక ఇంట్లో కూడా శాంతిగా ఉంటుందని తాత ఆ పేరు పెట్టాడు. పిల్ల ఆ పేరుకు తగినట్టు ఒక్కరోజు ఉండలేదు. గనుల దగ్గర బండల మీద గెంతేది, తండ్రి రుమాలు తన తలకు చుట్టుకుని మేస్త్రీలను వెక్కిరించేది, తల్లి పిలిస్తే వెనక్కి తిరక్కుండా "ఓ" అని మాత్రం అరిచేది. పదిహేనో ఏడు దాటాక దగ్గు పట్టుకుంది. పసరు మందులయ్యాయి, తాయెత్తులయ్యాయి. చివరికి వికారాబాద్ గుట్ట మీది క్షయ దవాఖానలో చేర్చారు. అక్కడ చెట్ల గాలికి తేరుకుంటుందని అందరూ అన్నారు. కొన్నాళ్ళు తేరుకుంది కూడా.

పోయిన శ్రావణంలో పోయింది. ఆ రోజుల్లో వాన ఎట్లా పడిందంటే ఆకాశానికి చిల్లు పడిందన్నారు. కాగ్నా నది పొంగింది, పట్టాల కింద మట్టి కోసుకుపోయింది, బండ్లు నిలిచిపోయాయి, బస్సు ఎటూ కదల్లేదు. కబురైతే స్టేషన్ దాకా వచ్చింది గానీ మనిషి పోవడానికి దారి లేదు. మొగులప్ప ఎట్లాగో నడిచి, తడిసి, లారీలు పట్టుకుని గుట్ట ఎక్కేసరికి అంతా అయిపోయింది. అక్కడివాళ్ళను అనడానికి లేదు. ఆ వానలో, ఆ జబ్బుతో పోయిన మనిషిని, ఎన్నాళ్ళని ఉంచుతారు? కుండలో బూడిద ఇచ్చారు. తెచ్చి కాగ్నాలో కలిపాడు.

చంద్రవ్వ బిడ్డ ముఖం చూడలేదు. చూడటానికి ఇంట్లో ఒక ఫోటో అయినా లేదు. పెళ్ళికి దించుకుందాంలే అనుకున్నారు.

చూడకపోవడం ఒక ఎత్తు. దాన్ని ఎట్లాగో దిగమింగేదేమో. ఆమె గొంతులో ముల్లులా నిలిచిపోయింది ఇంకొకటి. చనిపోయిన మనిషిని కాటికి మోసుకుపోతూ దారి మధ్యలో పాడెను ఒకచోట నేల మీద దించుతారు. దింపుడు కల్లం అంటారు. అయినవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తారు. ఏ మూలనో ప్రాణం ఉండి ఉంటే, తనవాళ్ళ గొంతు విని పలుకుతుందేమోనని ఆఖరి ఆశ. పలికితే ఇంటికి తెచ్చుకుంటారు. పలకకపోతే ఎత్తుకుని ముందుకు పోతారు. శాంతవ్వను ఎవరు దించారు? ఎవరు పిలిచారు?

"ఎవరన్న పిలిచిండ్రా?" అని ఆమె మొగులప్పను అడగని రోజు లేదు.

"దవాఖానోళ్ళకు గివన్ని ఏం ఎరుకనే?" అనేవాడు అతను మొదట్లో. తర్వాత్తర్వాత ఆ మాట కూడా అనలేక లేచి బయటికి పోయేవాడు.

ఇరుగుపొరుగు ఓదార్చబోయారు. పిలిచినా పలికేది కాదమ్మా, ప్రాణం పోయినంక ఎవరు పలుకుతరు అన్నారు. ఆ మాత్రం చంద్రవ్వకు తెలియదా? పలికేదా లేదా అని కాదు ఆమె బాధ. పిలవకుండా ఎట్లా పంపారని.

దాని వెనక ఇంకో సంగతి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆషాఢంలో ఆఖరిసారి చూడటానికి పోయినప్పుడు పిల్ల ఇంటికి తీసుకుపొమ్మని పట్టుబట్టింది. "నన్ను తీస్కపో అవ్వా. గీడ ఉంటే సస్త. ఇంట్ల ఉంటే బతుకుత" అంది. మంచిగయినంక తీస్కపోత అంది చంద్రవ్వ. పిల్లకు కోపం వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుంది. గడప దగ్గర నిలబడి "శాంతవ్వా, పోయొస్త బిడ్డా" అని పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. చంద్రవ్వ మెట్లు దిగింది. వెనక్కి తిరిగి చూస్తే కాళ్ళు కదలవని, ఏడుపు ఆగదని, చూడకుండానే గుట్ట దిగిపోయింది.

ఇప్పుడు ఆ పిల్ల ముఖం వికారాబాద్ తోటలో ఉందట. అడిగితే ఇస్తారట.

"రేపు పొద్దుగాలనే పోదాం పా" అంది ఆ రాత్రే.

మొగులప్ప గడ్డం గోక్కున్నాడు. అతను దేన్నయినా తాపీగా ఆలోచించి, తాపీగా తప్పు చేసే మనిషి. "రేపు పోయి ఏం జేస్తం? కిష్టప్ప ఏమన్నడు? ఐతారం పొద్దుగూకంగ దించుతరు అన్నడు గద. అంటే ఏంది? ఉన్న బొమ్మను సూసి మనకు ఇంకోటి దించి ఇస్తది టీచరమ్మ. జాతరల ఫోటోలోళ్ళు దించరా? గట్లనే. ఐతారం గనికి సెలవు. కమ్మగ పోదాం, ముంగట కూసోని దించిపిచ్చుకుందాం."

చంద్రవ్వకు మనసు ఒప్పలేదు. కానీ మాట సబబుగానే కనబడింది. బొమ్మ దించడమంటే బొమ్మ గీయడమే కదా. ఫోటో దించడమంటే ఫోటో తీయడమే కదా. తాండూరులో ఎవరిని అడిగినా అదే చెబుతారు. మొగులప్పను తిట్టుకోవడానికి ఈ కథ విన్నవాళ్ళకు కూడా హక్కు లేదు.

ఆ రెండు రోజులు అతను ఊరుకోలేదు. గనిలో పొర సాఫీగా వచ్చిన చిన్న బండ ఒకటి చూసి, అడిగి తెచ్చుకున్నాడు. అంచులు నునుపుగా చెక్కాడు. పొయ్యి ఎదురుగోడకు రంధ్రం తొలిచి, సున్నం పెట్టి బిగించాడు. బొమ్మ నిలబెట్టడానికి, ముందర దీపం పెట్టడానికి సరిపోతుంది. శాంతవ్వ పోయాక అతను ఇంటి కోసం చేసిన మొదటి పని అది. చంద్రవ్వ పెట్టెలోంచి బిడ్డ ఆకుపచ్చ ఓణీ తీసి, ఉతికి, నీడలో ఆరేసి మడత పెట్టింది. బొమ్మకు దుమ్ము అంటకుండా దాన్ని చుట్టి తేవాలని ఆమె ఆలోచన. మాట ఇచ్చినట్టే బిడ్డను ఇంటికి తీసుకొస్తోంది. ఎట్లా వస్తేనేం, వస్తోంది.

ఆదివారం పొద్దున బండికి పోదామంది చంద్రవ్వ. పొద్దున పోయి పొద్దుగూకేదాకా ఏం చేస్తామన్నాడు మొగులప్ప. మధ్యాహ్నం ప్యాసింజర్ ఎక్కారు. అది ప్యాసింజరేనా, ఎడ్లబండి నయం. గూడ్సు కోసం ధారూర్‌లో పక్కన పెట్టారు. ప్లాట్‌ఫారం మీద కిష్టప్ప కనిపిస్తాడేమోనని ఆమె కిటికీలోంచి చూసింది. కనిపించలేదు. ఒడిలో ఓణీని అరచేత్తో నిమురుతూ కూర్చుంది.

"పెద్దగ దించిపియ్యాలె. చిన్నగయితే నాకు కండ్లు ఆనయి" అంది.

"పెద్దగనే" అన్నాడు మొగులప్ప. "బండ ఎడల్పు సూస్కోనే పెట్టిన."

వికారాబాద్‌లో దిగేసరికి ఎండ పచ్చబడింది. తోట స్టేషన్‌కు ఎంతో దూరం లేదు. చలి తగ్గే రోజుల్లో ఏటేటా అక్కడ బొమ్మల పండుగ చేస్తారు. ఆ ఊరి బళ్ళ డ్రాయింగు మాస్టర్లు కొందరు మొదలుపెడితే, రానురాను హైదరాబాద్ నుంచి కూడా చిత్రకారులు బండెక్కి రావడం మొదలైంది. గేటుకు కట్టిన బట్ట మీద ఏదో పెద్ద మాట రాసి ఉంటుంది గానీ ఊళ్ళో ఎవరూ దాన్ని అనరు, బొమ్మల జాతర అంటారు. గోడలుండవు, కప్పుండదు. వేపచెట్ల మధ్య కొబ్బరి తాళ్ళు కట్టి, వాటికి బొమ్మలు వేలాడదీస్తారు. మట్టి బొమ్మలు గడ్డిలో పెడతారు. వేరుశనగలవాడు, బుడగలవాడు సరేసరి.

లోపలికి అడుగు పెట్టగానే చంద్రవ్వకు కళ్ళు తిరిగాయి. అన్ని ముఖాలు ఒక్కచోట ఆమె సంతల్లోనే చూసింది, కానీ సంతలో ముఖాలు కదులుతాయి. ఇవి కదలకుండా అన్నీ తననే చూస్తున్నాయి. నీళ్ళు మోసే ఆడమనిషి, పండు ముసలి, తలపాగా చుట్టిన నవాబు, మేక పిల్లను ఎత్తుకున్న బాలుడు. ఆమె ఒక్కొక్క బొమ్మ దగ్గరికీ పోయి, దగ్గరగా ముఖం పెట్టి చూసి, కాదని పక్కకు జరిగింది. ఒక బొమ్మ దగ్గర మొగులప్ప ఆగిపోయాడు. అందులో కన్ను ఒక దిక్కు, ముక్కు ఒక దిక్కు ఉన్నాయి.

"గీయనకేమైంది పాపం?" అన్నాడు.

"మన బిడ్డ గాదు గద, రా" అంది చంద్రవ్వ.

జనం పలచగా ఉన్నారు. వచ్చేవాళ్ళ కంటే పోయేవాళ్ళే ఎక్కువ. కొన్ని తాళ్ళు ఖాళీగా వేలాడుతున్నాయి. ఆ ఖాళీ తాళ్ళను చూసినా మొగులప్పకు అనుమానం రాలేదు. కుంచె పట్టుకుని కూర్చున్న మనిషి కోసం వెతుకుతున్నాడు. చేతికి ఎర్ర గుడ్డ కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న ఒకాయనను ఆపి అడిగాడు.

"సారూ, బొమ్మలు దించుడు ఏడ అయితున్నది?"

"అంతట అయితున్నది కద. ఆ దిక్కు సగం అయిపోయింది. ఈ దిక్కు ఇప్పుడు మొదలు పెడుతున్నరు" అన్నాడాయన, చేయి ఊపి.

ఆ చేయి ఊపిన వైపు చూశారు ఇద్దరూ. చెట్టుకు నిచ్చెన వేసి ఉంది. ఒక మనిషి పైకెక్కి తాడు ముడి విప్పుతున్నాడు. కిందున్నవాడు బొమ్మను అందుకుని నేల మీద బోర్లించాడు. మళ్ళీ ఇంకో ముడి. ఇంకో బొమ్మ.

మొగులప్ప నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. దించుడంటే ఇదా! కిష్టప్ప చెప్పిన దించుడు ఇదా! వాళ్ళు బొమ్మలు గీయడం లేదు, కిందికి దించేస్తున్నారు. జాతర అయిపోయింది. శుక్రవారం వచ్చి ఉంటే తీరికగా చూసేవాళ్ళు, శనివారం వచ్చినా చూసేవాళ్ళు. కనీసం ఇవాళ పొద్దున బండికి వచ్చినా సరిపోయేది.

చంద్రవ్వ అతని ముఖం చూడలేదు. ఓణీని రొమ్ముకు అదుముకుని పరుగు పెట్టింది. బోర్లించిన బొమ్మల దగ్గర మోకాళ్ళ మీద పడి ఒక్కొక్కటే తిప్పి చూసింది. గుర్రం, గోపురం, పూలు. పనివాళ్ళు "ఏయ్, ముట్టకు" అని కసిరారు. చెవిన వేసుకోలేదు. ఇంకో వరస దగ్గరికి పరుగెత్తింది. అక్కడ తాళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంత దూరం వచ్చి, గేటు దాటి లోపలికి వచ్చి, మళ్ళీ ఆలస్యమేనా? ఈ తల్లికి రాసిపెట్టింది ఆలస్యమేనా? ఆమెకు ఏడుపు కూడా రాలేదు. కోపం వచ్చింది. మొగులప్ప మీద, కిష్టప్ప మీద, గూడ్సు బండి మీద, అన్నిటికంటే ఎక్కువ తన మీద.

అప్పుడు గేటు వైపు పోతున్న ఇద్దరు కనిపించారు. ముందొకడు, వెనకొకడు. నిచ్చెనను పడుకోబెట్టి చెరో కొసా భుజాన పెట్టుకున్నారు. దాని మీద బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టారు. గేటు దగ్గర స్టేషన్‌కు పోయే ఎడ్లబండి ఆగి ఉంది. అన్నిటికంటే పైన ఉన్న బొమ్మ ముఖం ఆకాశం వైపు ఉంది. నడకకు నిచ్చెన ఒరిగినప్పుడు అంత దూరం నుంచి ఆమెకు కనిపించింది చెవి ఒక్కటే. చెవి కిందికి జారిన వెంట్రుక పాయ. ఎంత నూనె పెట్టి దువ్వినా ఆ పాయ నిలిచేది కాదు.

"దించుండ్రి!" అని అరిచింది. "అయ్యా, జర దించుండ్రి! కింద దించుండ్రి!"

తోటంతా వినపడేట్టు అరిచిన ఆ అరుపుకు వాళ్ళు జడుసుకుని ఆగారు. ఏమైందో అర్థం కాకపోయినా నిచ్చెనను మెల్లగా గడ్డిలో దించారు.

చంద్రవ్వ పక్కన కూలబడింది. శాంతవ్వే. కిష్టప్ప ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఒళ్ళంతా అటు వైపు, గోడ వైపు ఉంది. మెడ మాత్రం ఇటు తిరిగింది, ఎవరో పిలిస్తే తిరిగినట్టు. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. కోపం ఇంకా పూర్తిగా పోలేదు గానీ, కళ్ళలో కోపం లేదు. ఆ కళ్ళు దేన్నో వెతుకుతున్నాయి.

మొగులప్ప వచ్చి వెనక నిలబడ్డాడు. చూసి, రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఇంతలో స్వెటర్ వేసుకున్న సన్నటి ఆడమనిషి ఒకామె గబగబా వచ్చింది. దవాఖానలో చూసిన మనిషే, అప్పటికంటే కొంచెం ఒళ్ళు చేసింది. అరుణాదేవి. చంద్రవ్వ భుజం మీద చేయి వేసి పక్కనే గడ్డిలో కూర్చుంది.

"వస్తరో రారో అనుకున్న అమ్మా. పొద్దటి నుంచి చూస్తున్న. ఇక రారేమోనని ఇప్పుడే కట్టమన్న."

"ఇది ఎప్పటిదమ్మా?" అంది చంద్రవ్వ, కళ్ళు తిప్పకుండానే.

"మీరు ఆఖరిసారి వచ్చిపోయిన రోజు" అంది అరుణాదేవి. "గోడ దిక్కు తిరిగి పండుకుంది కదా. మీరు పిలిస్తే పలకలేదు. మీరు మెట్లు దిగుతుంటే లేచి కూర్చుంది. ఇట్లనే తిరిగి చూసింది. అవ్వ ఎనుకకు చూస్తదేమో టీచరమ్మా అన్నది. మీరు కనపడకుండ పోయినంక కూడ చూస్తనే ఉన్నది. కింద తాండూరు బండి కూత వేసిందాక అట్లనే ఉన్నది. నేను పెన్సిల్‌తో గీసుకున్న. రంగులు తర్వాత వేసిన."

తిరిగింది. పిల్ల తిరిగింది. తను చూడలేదు. ఒక్కసారి, ఆ మలుపు దగ్గర ఒక్కసారి మెడ తిప్పి ఉంటే చాలు. ఏడుపు వస్తే రానిస్తే పోయేది. ఏడుపు ఆపుకుని ఏం దక్కించుకుంది?

"బొమ్మ మీదేనమ్మా, తీస్కపోండ్రి. మీరు రాకుంటే మిగిలినవాటితో హైదరాబాద్ పంపుదామనుకున్న" అంది అరుణాదేవి.

మొగులప్ప వంగి తాడు ముడి విప్పబోయాడు. చంద్రవ్వ అతని చేయి పట్టుకుని ఆపింది.

గడ్డిలో దించిన నిచ్చెన. దాని మీద ఆకాశం చూస్తూ బిడ్డ. ముందొకడు, వెనకొకడు నిలబడ్డ మోసేవాళ్ళు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

మోకాళ్ళ మీద జరిగి బొమ్మ చెవి దగ్గరికి వంగింది. ఆ వెంట్రుక పాయ దగ్గర నోరు పెట్టింది.

"శాంతవ్వా!"

మొదటి పిలుపు గట్టిగా వచ్చింది. బువ్వ చల్లారిపోతోందని గనుల దాకా వినపడేట్టు పిలిచే పిలుపు అది. వేపచెట్టు మీది కాకులు లేచాయి. మోసేవాళ్ళలో చిన్నవాడు నవ్వబోయాడు. పెద్దవాడికి అర్థమైంది. తలకు చుట్టుకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, చిన్నవాణ్ణి కూడా ఊరుకోమని కళ్ళతో చెప్పాడు.

"శాంతవ్వా..."

రెండోసారి మెల్లగా పిలిచింది, నిద్రలో ఉన్నదాన్ని లేపినట్టు.

మూడోసారి పెదవులు కదిలాయి గానీ గొంతు పెగల్లేదు. అయినా పిలిచింది. అది పిలుపు కాదని ఎవరూ అనలేరు.

తర్వాత చెవి ఆ రంగుల మీద ఆనించి ఉండిపోయింది. పిలిచాక కొంతసేపు చూడాలి. కనురెప్ప కదులుతుందేమో, గుండె ఎగసిపడుతుందేమో చూడాలి. అందరూ అట్లాగే చూస్తారు, పలకదని తెలిసినవాళ్ళు కూడా. ఒక చీమ చట్రం ఎక్కి, బిడ్డ బుగ్గ మీదుగా పాకిపోయింది. చంద్రవ్వ దాన్ని వేలితో తీసేసింది. ఆ కళ్ళు ఆమెను దాటి ఎటో చూస్తున్నాయి.

ఆమె లేచింది. ఓణీ మడత విప్పి బొమ్మ మీద పరిచింది. అంచులు చట్రం కిందికి దోపింది, చలికి పిల్లలకు దుప్పటి దోపినట్టు.

"ఇగ ఎత్తుండ్రి అయ్యా" అంది.

మొగులప్పకు అర్థం కాలేదు. "ఏమే, ఇంటికి తీస్కపోదామంటివి గద? గోడకు బండ..."

"పిలిచిన గద. పలకకపోతే మల్ల ఇంటికి తెస్తరా?"

"ఇది బొమ్మనే చంద్రీ."

"బొమ్మ గాదు" అంది చంద్రవ్వ. "సూడు, అది నాకోసం సూస్తున్నది. గుట్ట దిగి పోయిన నన్ను సూస్తున్నది. ఇంట్ల గోడకు పెడితే నేను ముంగటనే ఉంట, రొట్టె గొడుతుంట, అది మాత్రం నన్ను దాటి నాకోసమే సూస్తుంటది. అవ్వ ఎప్పుడు ఎనుకకు మర్రి సూస్తదా అని. రోజు ఎట్ల సూడాలె నేను? ఎట్ల ఓర్వాలె?"

అరుణాదేవి ముఖం చేతుల్లో దాచుకుంది. మోసే పెద్దవాడు రుమాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. ఇద్దరూ వంగి నిచ్చెనను భుజాలకెత్తుకున్నారు. ఇందాకటిలాగా కబుర్లు చెప్పుకుంటూ కాదు, అడుగులో అడుగేసుకుంటూ గేటు వైపు పోయారు.

"ఇగ పోదాం పా" అన్నాడు మొగులప్ప. తోటకు స్టేషన్ వైపు ఇంకో దారి ఉంది. పొద్దుగూకే బండి అందుతుంది. రెండడుగులు వేసి, ఇట్లాంటప్పుడు ఇంటి పెద్ద చెప్పవలసిన మాట గుర్తొచ్చినట్టు చెప్పాడు. "ఎనుకకు మర్రి సూడకు."

కాటి నుంచి వచ్చేవాళ్ళు వెనక్కి చూడకూడదు. పోయినవాళ్ళకు మనసు లాగుతుందంటారు. చంద్రవ్వ తల వంచుకుని అతని వెనకే నడిచింది. ఖాళీ తాళ్ళ కింద నుంచి, తొక్కిన గడ్డి మీదుగా, వేరుశనగ పొట్టు మీదుగా నడిచింది. ఆ రెండో గేటు దాకా వచ్చింది. ఇవాళ చూడొద్దని ఆచారం ఉంది, సరే. ఆ రోజు గుట్ట మీద ఏ ఆచారం అడ్డం వచ్చిందని చూడలేదు?

ఆమె తిరిగింది. ఒళ్ళంతా అటే ఉంది, మెడ మాత్రం తిప్పి చూసింది.

అవతలి గేటు దగ్గర బండిలోకి నిచ్చెన ఎక్కిస్తున్నారు. ఆకుపచ్చ ఓణీ మసక వెలుతురులో ఇంకా తెలుస్తూనే ఉంది. మొగులప్ప రమ్మని చేయి పట్టుకోబోయి, ఆమె ముఖం చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు. ఎడ్లు కదిలాయి. ఓణీ కనపడకుండా పోయింది. ఆమె అక్కడే నిలబడి అటే చూస్తూ ఉంది. స్టేషన్‌లో తాండూరు బండి కూత వేసింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.